లిఫ్టు గంట

ఆ బట్టల మిల్లు లిఫ్టుకి మీటలు లేవు. కొత్తగా పనిలో చేరేవాళ్లు ఒక్కొక్కరే ఎక్కాలి. ఎక్కగానే ఒక గంట రెండు స్వరాలు పలుకుతుంది, తలుపు మూసుకున్నాక మళ్లీ అవే రెండు. కొందరికవి పైకెక్కుతున్నట్టు, కొందరికి కిందికి దిగుతున్నట్టు వినిపిస్తాయి. రెండోసారి ఎలా వినిపిస్తే లిఫ్టు అటే వెళ్తుంది. పైన కిటికీల పక్కన కుట్టుమిషన్లు, కింద రంగు తొట్లు. మొదటి రోజు ఎటు వెళ్తే బతుకంతా అటే. "నాకు పైకే వినిపించింది" అని బొంకినవాళ్లకేం తక్కువ లేదు. లిఫ్టుకి వాళ్ల నోటితో పనేముంది?

ఎవరి మాటలు వింటూ పెరిగితే వాళ్ల చెవే వస్తుందని అందరికీ తెలుసు. తొట్ల దగ్గర పనిచేసే ఒకావిడకి మోచేతుల దాకా నీలం, వదలని దగ్గు. కూతురు పుట్టిన రోజునే ఆవిడ పిల్ల ముందు నోరు కట్టేసుకుంది. పిల్లకి జోల పాడలేదు, ఆకలేస్తోందా అని కూడా సైగతోనే అడిగింది. కబుర్లన్నీ పై అంతస్తులో కుట్టే ఆడపడుచుకి అప్పగించింది.

"అమ్మ మూగదా అత్తా?" అని పిల్ల అడిగేది.

"మూగదేంటే! నా దగ్గర వాగుడుకాయే. నీతోనే మాట్లాడదు."

మేనత్తకి నిజం చెప్పడమంటే సరదా, సగం చెప్పి ఊరుకోవడమంటే ఇంకా సరదా. పిల్ల ఆ సగంతోనే పెరిగింది. తల్లి వండింది తినేది గాని తల్లి మొహం చూసేది కాదు.

పనిలో చేరే రోజు ముగ్గురూ లిఫ్టు దగ్గరికి వచ్చారు. పిల్ల ఎక్కింది. గంట మోగింది.

"అత్తా, పైకే వినిపించింది!" అని గంతేసింది పిల్ల.

తల్లి ఆనందం పట్టలేకపోయింది. తలుపు మూసుకుంటుంటే ఇన్నేళ్లు బిగబట్టిన నోరు జారింది.

"జాగ్రత్త, నా తల్లీ."

పిల్ల కొయ్యబారిపోయింది. పుట్టినప్పటి నుంచీ ఆ గొంతు కోసమే చెవులు రిక్కించుకుని ఉంది మరి. ఆ ఒక్క మాటకే చెవి తల్లివైపు తిరిగిపోయింది. మూసిన తలుపు వెనక గంట మళ్లీ మోగింది. లిఫ్టు కిందికి దిగింది.

"ఇన్నేళ్లు ఆగావు, ఇంకొక్క క్షణం ఆగలేకపోయావా వదినా?" అంది మేనత్త. పనికి ఆలస్యమవుతోందని పైకి వెళ్లిపోయింది.

ఇప్పుడు తల్లీకూతుళ్లు ఒకే తొట్టి దగ్గర గుడ్డలు ముంచుతారు. తల్లి రోజంతా మాట్లాడుతూనే ఉంటుంది. అప్పుడెందుకు మాట్లాడలేదో చెబుతుంది, ఏడుస్తుంది, పాడని జోలలన్నీ పాడుతుంది. ఇక దాచుకుని ఏం లాభం?

కూతురు పలకదు. ఏదైనా కావలసివస్తే ఇప్పటికే నీలమెక్కిన వేలితో చూపిస్తుంది.