నలభయ్యో రోజున తొట్టి కారింది

మా ఆయన ప్లంబరు. చర్చిలో బాప్తిస్మపు తొట్టి కట్టినప్పటి నుంచి దాని పైపుల పనంతా ఆయనదే. ఈ పదకొండేళ్లలో ఎంతమంది అందులో మునిగి లేచారో, ఈయన మాత్రం గట్టు దిగలేదు. ముందు కోపం మానాలట, ఆ తరవాతే దేవుడి దగ్గరికి వెళ్లాలట. వరసగా నలభై రోజులు కోప్పడకుండా ఉంటే అర్హత వచ్చినట్టేనని తనకు తానే పందెం కట్టుకున్నాడు. వీధిలో ఆయన పేరు ప్రెషర్ కుక్కర్. ఆ పందెం ఎన్నిసార్లు ఓడిపోయాడో వేరే చెప్పాలా? ఈసారి కూడా తప్పితే ఇక దేవుడి జోలికే వెళ్లనన్నాడు. ఆ మాట నవ్వుతూ అనలేదు. నాకు భయమేసింది.

అయితే ఈసారి ముప్పైతొమ్మిది రోజులు గడిచాయి. కోపం వచ్చినప్పుడల్లా మంచినీళ్లు తాగాలని నియమం పెట్టుకుని చెంబుల కొద్దీ తాగాడు. మధ్యాహ్నం కునుకు తీసే వేళకి పక్కింటివాళ్లు గోడకు డ్రిల్లు పెడితే, వెళ్లి నిచ్చెన పట్టుకుని నిలబడ్డాడు. జ్వరమేమోనని నేను నుదురు తాకి చూశాను.

నలభయ్యో రోజు ఆదివారం. బాప్తిస్మాలు నాలుగు, ఈయనది చివరిది. ముగ్గురివి అయిపోయాయి. తెల్లబట్టల్లో మా ఆయన పెళ్లికొడుకులా నిలబడ్డాడు. నాకు కాళ్లు నేల మీద ఆనడం లేదు. అంతలో ముందు వరస కుర్చీల కిందకి నీళ్లొచ్చాయి.

ఈయన వంగి చూశాడు. తొట్టి అడుగున పైపు జాయింటు కారుతోంది. పైపు మరలకు చుట్టే తెల్ల టేపు మర బిగిసే వైపుకే చుట్టాలి, తిరగేసి చుడితే బిగిస్తున్న కొద్దీ ఊడొస్తుంది. ఇక్కడ ఊడిన టేపు బయటికి వేలాడుతోంది. అంతే, చర్చి అదిరిపోయింది. ఏ గాడిద చేసిన పని ఇదని, ఆ చేతులు విరగ్గొట్టాలని, తనతోపాటు పనిచేసే మా అన్నయ్య మీద విరుచుకుపడ్డాడు.

"నిన్న అది చుట్టింది నువ్వే బావా," అన్నాడు అన్నయ్య నెమ్మదిగా. "కోపం దిగమింగుకుంటూ చుట్టావు. నన్ను ముట్టుకోనివ్వలేదు."

మా ఆయన ముఖం మాడిపోయింది. తువ్వాలు భుజాన వేసుకుని గుమ్మం వైపు నడిచాడు. నాకు ఏడుపొచ్చేసింది. నడుం లోతు నీళ్లలో నిలబడ్డ పాస్టరు గారు ఎక్కడికని అడిగితే, నలభై రోజులు కూడా ఉండలేకపోయానని, తాను ఇందుకు పనికిరానని చెప్పాడు.

"ఉండగలిగితే నీకు రక్షకుడెందుకయ్యా? కృప అనేది అర్హత లేనివాళ్లకే. తొందరగా రా, నీళ్లు పోతున్నాయి."

నిజంగానే పోతున్నాయి. నీళ్లు నడుం నుంచి తొడల దాకా దిగాయి. దిగవయ్యా దిగు అని చర్చి మొత్తం ఒకటే గోల. ఈయన నన్ను చూశాడు, నీళ్లను చూశాడు. తువ్వాలు నా మీదకి విసిరేసి దూకాడు.

ముంచడం మాత్రం అంత సులువుగా కాలేదు. భుజాలు ముంచితే పొట్ట తేలింది, పొట్ట నొక్కితే కాళ్లు లేచాయి. చివరికి అన్నయ్య కూడా దిగి మోకాళ్లు పట్టుకుంటే పూర్తిగా మునిగాడు. నేను ఏడుస్తూనే పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను.

లేచీ లేవగానే, "ఆ మైకు వైరు తడుస్తోంది, తియ్యండి దద్దమ్మల్లారా," అని గట్టిగా కేకేశాడు. వెంటనే నోటి మీద చెయ్యి పెట్టుకున్నాడు. పాలిపోయిన ముఖంతో పాస్టరు గారి వైపు తిరిగాడు.

"అంతా పోయిందా అయ్యగారూ?"

"ఏమీ పోలేదు. మళ్లీ ముంచే పనే లేదు. ఒక్కసారి చాలు," అన్నారాయన.

మా ఆయన ఆ తొట్టిలోనే కూలబడి పకపకా నవ్వాడు.