బార్త్లీ పెట్టిన రాయి

గాడిద కుంటుతోంది, ముందరి కాలికి ఏదో గుచ్చుకున్నట్టుంది, ఆపి చూద్దామంటే వెనకాల ఊరంతా నడిచి వస్తోంది, శవం ఎక్కిన బండిని దారి మధ్యలో ఆపకూడదు, పోనీ అనుకుని బార్త్లీ పగ్గం పట్టుకుని ముందుకే నడిచాడు, వాన సముద్రం మీంచి సన్నగా కొడుతోంది, గతుకు వచ్చినప్పుడల్లా బండిలో పెట్టె టకటకమంటోంది, మంచి పలక, ఎక్కడా పగులూ కన్నూ లేదు, ఆవు కొట్టం పైకప్పుకి చక్కగా సరిపోయేది, అనుకున్నాడు, అనుకున్నందుకు సిగ్గుపడ్డాడు, పెట్టె చేసింది మొన్న ఒడ్డుకు కొట్టుకొచ్చిన తెప్ప పలకలతోనే, ఈ రాళ్ల నేలలో చెట్టన్నది ఎక్కడుంది కనక, వచ్చిన పడవలోనే సాగనంపుతున్నాం పాపం అన్నాడు వడ్రంగి, ఎవరూ నవ్వలేదు.

మొన్న పొద్దున సముద్రం తగ్గినప్పుడు నాచు కోసుకుందామని దిగాడు, తెప్ప రాళ్ల సందులో ఊగుతోంది, పైన గుడ్డ బిగించి ఉంది, గుడ్డ కింద ఎత్తుగా ఏదో ఉంది, గుండె గబగబా కొట్టుకుంది, ఎందుకు కొట్టుకోదు, యుద్ధం మొదలైన దగ్గర్నించీ సముద్రమే కదా పెడుతోంది, పిండి పీపాలు, కొవ్వొత్తుల మైనం, పోయిన చలికాలం దొరికిన రబ్బరు మూటతోనే కదా ఆవు కొన్నది, ఇదీ రబ్బరే అనుకున్నాడు, అల లేచినప్పుడల్లా తాడు పట్టి లాగాడు, తడి తగలని చోటుకి చేర్చాడు, చేర్చి పైన రాయి పెట్టాడు, తాతల నాటి నుంచీ అంతే, ఒడ్డుకు కొట్టుకొచ్చినదాని మీద రాయి పెడితే అది పెట్టినవాడిది, ఆకలితో ఉన్నవాడు కూడా దాని జోలికి పోడు, ఈ తీరంలో తలుపులకి గొళ్లాలు కూడా ఉండవు, రాయి చాలు.

తెప్పని బండిలో తెచ్చుకుందామంటే గాడిద ఆ రోజే బీడులోకి తప్పించుకు పోవాలా, వెతికి వెతికి ఇంటికొస్తే పెళ్లాం డీలియా బంగాళాదుంపలు ఉడికించి పెట్టింది, తిని పోవయ్యా, నీ తెప్ప ఎక్కడికి పోతుంది, రాయి పెట్టావు కదా అంది, టీ కూడా కాచింది, వారానికి చిటికెడు ఇచ్చే రేషను టీ, మూడోసారి మరిగించిన ఆకు, దాన్ని ఊదుకుంటూ తాగాడు, కుంపటి దగ్గర కాళ్లు చాపుకుని తాగాడు, ఆ మూటలో రబ్బరు కాక టీ ఉంటే ఎలా ఉంటుందే అన్నాడు, టీ ఉంటే నిన్ను మళ్లీ పెళ్లి చేసుకుంటానయ్యా అంది డీలియా, ఇద్దరూ పగలబడి నవ్వారు, అప్పుడు అక్కడ గుడ్డ కింద, ఒద్దు, ఆ సంగతి ఒద్దు, గాడిద కాలు చూడాలి, మలుపు దాటాక చూడాలి.

మధ్యాహ్నం దాటాక బండి కట్టుకుని వెళ్లి కత్తితో గుడ్డ కోశాడు, మోకాళ్లు గడ్డానికి ముడుచుకుని పడుకున్నాడు కుర్రవాడు, మీసం కూడా సరిగా రాలేదు, చంక కింద చెయ్యి పెడితే ఇంకా వెచ్చగా ఉంది, పోలీసు మానియన్ వచ్చి చేతులు వంచి చూశాడు, ఇంకా బిగుసుకోలేదు, పన్నెండింటి దాకా ప్రాణం ఉండి ఉంటుందయ్యా బార్త్లీ, పొద్దున గుడ్డ విప్పి చూడలేదా అన్నాడు, విప్పడానికి ముడి దొరకలేదండీ అన్నాడు బార్త్లీ, అబద్ధం కాదు, మానియన్ తలూపాడు, నీకెలా తెలుస్తుందిలే అన్నాడు, ఫాదరూ అదే అన్నాడు, అందరూ అదే అన్నారు, పొరుగింటి సోర్చ ముసలమ్మ అయితే అతని మోచెయ్యి పట్టుకుని మరీ చెప్పింది, ఆ పొద్దున నేనూ అటే వచ్చాను నాయనా గవ్వలు ఏరుకోవడానికి, లోపల్నించి మూలిగినట్టే అనిపించింది, నీ రాయి చూశాను, ఒకరి సొమ్ము మీద చెయ్యి వేసే దాన్నా నేను, పక్కకి తిరిగి పోయాను, నీ రాయికి ఆ మర్యాద ఇచ్చాను బాబూ, అని, మెచ్చుకుంటాడేమో అన్నట్టు మొహంలోకి చూసింది.

ఎవరి మనిషో తెలియదు, టోపీ లేదు, మెళ్లో పేరు బిళ్ల లేదు, మేజోడు మడమ దగ్గర ఎవరో వేరే రంగు ఉన్నితో రఫు చేశారు, తల్లే అయి ఉంటుంది, నిన్నంతా శవం పక్కన కూచుని మగాళ్లు చుట్ట కాలుస్తూ అదే మాట, ఇంగ్లీషువాడేరా, కాదురా ఆ జుట్టు చూడు జర్మనీవాడే, ఎవడైతే మనకేంరా, ఈ యుద్ధంలో మనది ఏ పక్షమూ కాదు, అవును, మనది ఏ పక్షమూ కాదు, విమానాలవాళ్లకి తెలియాలని కొండకొమ్మున దేశం పేరు రాళ్లతో పేర్చి సున్నం కొట్టారు, ఆ రాళ్లు మోసిన వాళ్లలో బార్త్లీ ఒకడు, మా జోలికి రాకండి మీ జోలికి రాము అని, మంచి మాటే, ఎవరినీ చంపని మాట, మరి వాళ్ల ఓడలు మునిగితే పిండి మనది, మైనం మనది, పడమటి గాలి గట్టిగా వీచినప్పుడల్లా ఊళ్లో ఆడా మగా తెల్లారకముందే ఒడ్డుకి పరిగెత్తేవాళ్లు, ఆ గాలి కోసం డీలియా ఒకసారి జపమాల కూడా తిప్పింది, ఏ ఓడా మునగకుండా పిండి ఎలా వస్తుందని ఇద్దరిలో ఒక్కరూ అనుకోలేదు.

శ్మశానం గోడ కనిపించింది, ఊరూ పేరూ తెలియనివాళ్ల మూలన గొయ్యి తవ్వి ఉంది, దించడానికి నలుగురు ముందుకు వచ్చారు, బార్త్లీ తాడు అందుకున్నాడు, పెట్టెకి కట్టిన తాడు ముడి విప్పుతుంటే వేళ్లు ఆగిపోయాయి, ఏం బార్త్లీ, ఒంట్లో బాగులేదా అన్నాడు మానియన్, ఏం లేదండీ అన్నాడు, మొన్న పొద్దున కూడా ఈ వేళ్లే ఆ గుడ్డ చుట్టూ తడిమాయి, తాడు నాలుగు పక్కలా ఉంది, ముడి మాత్రం ఎక్కడా లేదు, పుట్టినప్పటి నుంచీ తాళ్లూ వలలూ పట్టినవాడు, మూటకి ముడి బయట వేస్తారు, లోపల్నించి బిగించుకున్నదానికే బయట ముడి ఉండదు, లోపల్నించి బిగించుకునేది మనిషి, మనిషైతే ఎవరి మనిషి అంటారు, పోలీసులొస్తారు, తెప్ప సర్కారుదవుతుంది, మూటైతే ఏ పక్షమూ కాదు, అందుకే అది మూట అనుకున్నాడు, వేళ్లు తీసేసుకున్నాడు, వెళ్లి మంచి బరువైన రాయి చూసుకుని తెచ్చాడు, ముడి దొరక్క కాదు, ముడి ఎక్కడుందో తెలిసే.