తుండుగుడ్డ పరిచిన కుప్ప

గోవిందస్వామి మూడో కుప్పలోకి మోచేతిదాకా చెయ్యి దూర్చి, లోపలి గడ్డి పిడికెడు లాగి వాసన చూశాడు. మొదటి రెండు కుప్పలూ లోపల వెచ్చగా తగిలాయి. తడి ఆరకముందే కుప్ప వేసినవి. అలాంటి గడ్డితో ఆవులు ఎలాగో సర్దుకుంటాయి కానీ, బూజు తగిలితే గుర్రానికి కడుపు పట్టేస్తుంది. ఇది మాత్రం చల్లగా, పొడిగా ఉంది. ఒక పోచ తుంచి ఎడమ దవడన వేసుకుని నమిలాడు. కుడివైపు పళ్లు ఎప్పుడో ఊడిపోయాయి. ఇంటి దగ్గర అతని ముసలి గుర్రం చిట్టికీ పళ్లు అరిగిపోయాయి కాబట్టి, తను నమలగలిగింది అదీ నమలగలదని అతని లెక్క.

బంగారుపాళ్యం దగ్గర ఆ మామిడితోటలో ఏటా వానలు తగ్గాక చెట్ల కింద గడ్డి కోసి, ఎండబెట్టి వేలం వేస్తారు. వచ్చేవాళ్లంతా పాడి ఉన్నవాళ్లే. గుర్రం కోసం వచ్చేది పలమనేరు నుంచి ఇతనొక్కడే. ఆటోలు వచ్చి జట్కా మూలపడ్డాక, పెళ్లి ఊరేగింపులకు చిట్టిని తిప్పి బతికాడు. ఇప్పుడు పెళ్లికొడుకులు పూలు కట్టిన కార్లెక్కుతున్నారు. పిలుపులు ఆగిపోయాయి గానీ మేత వేయడం, నీళ్లు మోయడం, లద్దె ఎత్తడం ఆగలేదు. నడుము మాత్రం మొరాయిస్తోంది. పొద్దున బస్సులో నిలబడి వస్తుంటే, ఈసారి గడ్డి దొరక్కపోతే బాగుండుననిపించింది. ఆ వంకతో గుర్రాన్ని ఎవరికైనా అప్పజెప్పేయవచ్చు. అలా అనుకున్నందుకు సిగ్గుపడ్డాడు. సిగ్గుపడి కూడా మళ్లీ అదే అనుకున్నాడు.

వేలంపాట ఎవరిమీద నిలిస్తే వాళ్లు తమ తుండుగుడ్డ కుప్పమీద పరవడం ఆ తోటలో ఆనవాయితీ. పరిచినవాళ్లు తీసేదాకా ఆ కుప్పను మరొకరు ముట్టరు. పాలవ్యాపారం చేసే వరదమ్మ ఏకంగా నాలుగు గుడ్డలు చంకన పెట్టుకుని వ్యానుతో దిగింది.

మూడో కుప్పకు చివరికి వాళ్లిద్దరే మిగిలారు. వరదమ్మ మళ్లీ పెంచింది. గోవిందస్వామి ఆగాడు. నోరు మెదపకుండా ఉంటే చాలు, పొద్దున కోరుకున్నది జరిగిపోతుంది. నాలుక మీద ఇంకా గడ్డి తీపి ఉంది. పెంచాడు.

వరదమ్మ అతనివైపు తిరిగింది.

"ఆ గుర్రం ఇంకా ఉండాదా అన్నా?"

"ఉండాది. పండ్లే లేవు. మెత్తగడ్డయితేనే తింటాది."

"మా పెద్దోడు పెండ్లికి దాని మిందనే గదా వచ్చినాడు" అని ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. "నువ్వే తీసుకోన్నా. నా ఆవులు ఏదైనా తింటాయి."

చెమటకు తడిసిన తుండుగుడ్డ భుజం మీంచి తీసి కుప్పమీద పరిచాడు. తనకు ఇంత సంతోషం కలుగుతుందని అతనే అనుకోలేదు. గడ్డి తీసుకుపోయే ఆటో కోసం చెట్టుకింద కూర్చున్నాడు.

ఆటోకంటే ముందు భార్య జ్ఞానాంబ ఫోను వచ్చింది.

"పొద్దున పండుకున్నది మళ్ల లెయ్యలేదయ్యా. నీళ్లు పెడితే మూతి తడుపుకునింది. అంతే, పోయింది."

"కండ్లు మూసినావా?"

"మూసినా."

ఫోను జేబులో వేసుకుని లేచాడు. చిట్టి పోయిందనీ, ఆ కుప్ప కూడా తోలుకుపొమ్మనీ వరదమ్మతో చెప్పి రోడ్డువైపు నడిచాడు. ఆమె ఏదో అంటూనే ఉంది. అతనికి వినిపించలేదు.

బస్సు కోసం నిలబడ్డప్పుడు, రేపు చీకటితో లేవక్కర్లేదన్న సంగతి తోచింది. అప్పుడు ఏడ్చాడు. మొహం తుడుచుకోబోయి భుజం తడుముకుంటే గుడ్డ లేదు. చొక్కా అంచుతో తుడుచుకుని బస్సెక్కాడు.

తోటలో వరదమ్మ కుప్పలన్నీ వ్యానుకెక్కాయి. డ్రైవరు మూడో కుప్ప దగ్గరికి వెళ్లబోతే ఆమె ఆపింది.

"దాన్ని ఉండనీ అబ్బా. ఆయప్ప గుడ్డ తియ్యలేదు."

వ్యాను వెళ్లిపోయింది. కుప్పమీద పరిచిన తుండుగుడ్డలో చెమట తడి పొద్దు వాలకముందే ఆరిపోయింది.