చొక్కాకి అంటిన వాసన

అయినా సెంటు ముట్టని మగాడి చొక్కాకి పూల వాసన ఎక్కడిది? మల్లె కాదు, గులాబీ కాదు. ఏదో పూల మొక్క ఆకుని నలిపితే వచ్చే వాసన, దాని వెనకే మందుల షాపు వాసన. ఆమె భర్త చొక్కాని మళ్లీ ముక్కుకి ఆనించుకుంది. ఈ వారమంతా ఇదే పని. తన మీద తనకే రోత పుట్టింది కానీ చొక్కా మాత్రం వదల్లేదు.

పొద్దున ఫోన్లో చెబితే అక్క పగలబడి నవ్వింది.

"మీ ఆయనకి అంత సీను లేదులేవే. అద్దాలు తుడుచుకునే మనిషి."

తుడవడం కాదు. ఇంటి వెనక గోడకి అవతలున్న సోలార్ ప్లాంటులో పైపుల పని. బారులు తీరిన అద్దాలు మళ్లించే ఎండకి పైపుల్లో నూనె సలసలా కాగుతుంది. ఆ వేడితో నీళ్లు ఆవిరై కరెంటు పుడుతుంది. అడిగితే, వాసన ఆ నూనెదే అంటాడు. కానీ ఈమధ్య అతన్ని స్టోరు గదిలో కూర్చోబెట్టారు. నూనె దరిదాపులకే పోని మనిషికి ఆ వాసన ఎలా అంటింది?

తీగ మీది బట్టలు తీయబోయింది. కూతురి గౌనుకీ అదే వాసన. దిండు గలేబుకీ, తన జాకెట్టుకీ. ఆయన వెనకున్న ఆ మహాతల్లి ఎవరో ఇంటిల్లిపాది బట్టలూ వేసుకుందా అనుకుని నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయింది.

అన్నీ ఉతికింది బోరు నీళ్లలోనే.

భోజనాల దగ్గర అడిగింది. "ప్లాంటులో నూనె కారిందా?"

"ఎప్పుడో కాస్త. ఆ మట్టి తవ్వించేశారుగా."

"మిమ్మల్ని స్టోరుకి మార్చింది అప్పుడేనా?"

తింటున్న చెయ్యి ఆగింది. "దానికీ దీనికీ ఏంటి?"

"బోరు నీళ్లు వాసనొస్తున్నాయి."

"నాకేం రావట్లేదే. నిన్న చొక్కా మీద అనుమానం, ఇవాళ నీళ్ల మీద. రేపు గోడల్ని వాసన చూస్తావేమో."

తన గ్లాసెత్తి గటగటా తాగేశాడు. ఏళ్లపాటు ఆ నూనె పీల్చిన ముక్కుకి నిజంగానే తెలియదా? లేక ఊపిరి బిగబట్టి తాగాడా? ఆమె అతని ముఖమే చూస్తూ ఉండిపోయింది. అతను మాత్రం ఆమె వైపు చూడలేదు. ఖాళీ గ్లాసుని బల్ల మీద అటూ ఇటూ జరుపుతున్నాడు.

నాన్నని చూసి కూతురు కూడా తన గ్లాసు కోసం చెయ్యి చాపింది.

ఆమె ఆ గ్లాసుని అరచేత్తో మూసేసింది.