ఎంత కాలమో లేని మాట

కరీంనగర్ దవాఖానలో డాక్టరు గది బయట బల్ల మీద ముగ్గురం కూర్చున్నాం. నా భార్య కనకవ్వ, కోడలు నర్మద, నేను. కనకవ్వ పాదాలు వాచి చెప్పుల్లో పట్టడం లేదు. డాక్టరు కిడ్నీలన్నాడు, చీటీ రాసి చేతిలో పెట్టాడు. నేనేమీ అడగలేదు. నలభై ఏండ్లు మరమగ్గాల షెడ్డులో, సాంచాల చప్పుడులో బట్ట నేసినవాడికి మాట తక్కువ.

నర్మదకు ఆదివారం టీచరు కొలువు పరీక్ష. ఎక్కడ కూర్చున్నా పుస్తకం తెరుస్తుంది. నా చేతిలోని చీటీ తీసుకుని చదివి ఆగింది.

"మామా, గీ మాట నా పుస్తకంల ఉన్నది. క్రానిక్."

"ఏమని?"

"కాలం గురించిన ఇంగ్లీషు మాటలు గివి. గ్రీకుల క్రోనోస్ అంటే కాలమట, అండ్లకెళ్లి క్రానిక్ వచ్చింది. లాటిన్ల టెంపస్ అన్నా కాలమే. అండ్లకెళ్లి టెంపరరీ."

"నా రోగానికి పుట్టిల్లు గూడ దొరికిందా!" కనకవ్వ నవ్వింది. "నాదంటే మంథని. దీనిది ఏ ఊరో పాపం."

"టెంపరరీ అంటే?" అన్నాను.

"కొన్నాళ్లుండి పోయేది, మామా."

"మరి మనది?"

నర్మద చీటీ మడిచింది. "మనది పోయేది కాదు. నడుస్తనే ఉంటది."

రెండూ కాలమేనట. సాంచెకు నూలు చుట్టిన భీము ఎక్కించినప్పుడు దాన్ని చూసి, ఇది ఇన్ని రోజులు నడుస్తుందని చెప్పేవాణ్ని. ఒక పూట అటూ ఇటూ, అంతే.

"ఎంత కాలమో ఉన్నదా బిడ్డా, దాంట్ల?"

ఆమె వరుస వెంట వేలు జరిపింది. "ఏడాదికోసారి అంటే యాన్యువల్. నూరేండ్లకు సెంచరీ. క్రానిక్‌కు లెక్క రాయలే మామా."

"బెల్లం కొట్టిన రాయి లెక్క కూసున్నవేంది?" అంది కనకవ్వ. "పోయి గా డాక్టర్‌నే అడుగు."

లేచి లోపలికి పోయాను. డాక్టరు ఇంకొకరిని చూస్తున్నాడు.

"ఏంది తాతా?"

"ఎంత కాలం?"

"ఇప్పుడే చెప్పలేం. మందులు వాడుండ్రి. రక్తం మళ్లీ చూడాలె." చీటీ వెనక వచ్చే గురువారం తారీఖు రాసిచ్చాడు. ఇంకా నిలబడ్డాను. వెనకవాళ్లు జరగమన్నారు.

బయటికి వచ్చేసరికి ఇద్దరూ నా ముఖమే చూస్తున్నారు.

"ఏమన్నడు?"

"బేస్తారం రమ్మన్నడు."

"అయితే బేస్తారం దాన్క ఉంట తియ్యి," అంది కనకవ్వ.

నర్మద నవ్వలేదు. నేను కనకవ్వ రెక్క పట్టి లేపాను.