చెప్తే నమ్మే పెట్టె

తొంభై రెండు శ్రావణంల, ముసురు పట్టిన ఒక పొద్దున, తాళ్లవాగు బొగ్గుబాయిల కప్పు కూలింది. అప్పటికి నర్మద ఆ బాయి మీదికి వచ్చి రెండేండ్లు దాటింది.

ఆమెది కరీంనగర్. బాపు లక్ష్మణ్‌రావు వకీలు. ఇంజనీరింగ్ అయినంక బెంగళూరుల, యంత్రాలకు ఆలోచన నేర్పే ప్రయోగశాలల పనిచేసింది. అక్కడ యంత్రాలు చదరంగం ఆడేటివి, చెక్క దిమ్మెలను ఒకదాని మీద ఒకటి పేర్చేటివి. "మనుషుల పానాలకు పనికొచ్చేది ఒకటి చెయ్యాలె" అని తనే అడిగి, అడివి నడుమనున్న ఈ ఆదిలాబాద్ బాయికి వచ్చింది.

ఆమె కట్టిన యంత్రం బాయి మీది ఆఫీసుల, ఒక చల్లటి గదిల ఉంటది. భూమి లోపల వేలాడదీసిన సెన్సార్లు ఎక్కడ ఎంత గ్యాస్ ఉన్నదో దానికి తీగల మీద చెప్తుంటయి. అది అన్నిటినీ కలిపి ఆలోచించుకుంటది. ప్రమాదం అనిపిస్తే ఆ పక్క కరెంటు తనే తీసేస్తది. ఎందుకు తీసినవని అడిగితే కారణాలు తెర మీద రాస్తది. అక్షరాలు ఇంగ్లిష్‌వి, మాటలు తెలుగువి. లోపలి ఫోన్లల్ల, బాయి మీది స్పీకర్ల వినిపించే గొంతు మాత్రం నర్మదది. ఆమె మాటలనే రికార్డు చేసి పెట్టిండ్రు.

కార్మికులు దాన్ని "పెద్దమనిషి" అన్నరు. పంచాయితీల పెద్దమనిషి లెక్క అందరినీ అడిగి, విని, అప్పుడే తీర్పు చెప్తదని.

మొదట్ల ఓవర్‌మన్ అక్బర్ ఒక్కడే దానికి ఎదురు తిరిగిండు. షిఫ్టు మొత్తం ఆయన చేతి కింద నడుస్తది. నెత్తి నెరిసింది గని నడక సడలలే. ఆయన చేతుల ఎప్పుడూ ఒక చిన్న దీపం ఉంటది. గ్యాస్ ఉన్నకాడ దాని మంట మీద నీలి రంగు లేస్తది. గ్యాస్ పెరిగినకొద్ది ఆ నీలి పొడుగు సాగుతది.

"ఏం బిడ్డా, దీపం పట్టుకొని పోయినోని మాట పెద్దదా, తీగకు వేలాడే డబ్బా మాట పెద్దదా?" అని అడిగిండు.

నర్మద దాని మీద మస్తు ఆలోచించింది. సెన్సార్ చెడిపోవచ్చు, తడవొచ్చు. ఆఖరికి యంత్రానికి ఒక సూత్రం నేర్పింది: మనిషి పోయి దీపంతోని చూసి వస్తే, ఆ మనిషి మాటే పైమాట. చూసినోని పేరు రాయాలె, అంతే. అక్బర్ ఖుషీ అయిండు. ఆనాటి నుంచి ఆఫీసుకు వచ్చినప్పుడల్లా యంత్రానికి కూడా సలాం కొట్టి పోతుండె.

ఆ పొద్దున షిఫ్టు దిగి ఎక్కువసేపు కాలే. బాయి అడుగున నీళ్లు తోడే పంపు కాడ సిద్దిరాములు ఉన్నడు. పంపు నడిపేది ఆయనే. కప్పుకు కర్ర దిమ్మెలు నిలబెట్టే భూమన్న తోడుంటడు. వానలకు ఊట పెరిగింది, పైపు ముందలెక్కడ కారుతుందో చూడనీకి ఇద్దరూ పంపును దాటి లోపలికి పోయిండ్రు. వాళ్లు అటు పోంగనే పంపు మీది కప్పు పెళ్లున విరిగి పడ్డది.

దారి పూర్తిగ మూసుకపోలే. కని వాళ్లకూ పంపుకూ నడుమ పల్లం ఉన్నది. ఆ పల్లంల నీళ్లు చేరుతున్నయి. పంపు తిరిగితే నీళ్లు దిగుతయి, మనుషులు నడిచి వస్తరు. పంపు తిరుగకుంటే నీళ్లు వాళ్లు నిలబడ్డ జాగకు పోతయి.

పంపు తిరుగుతలేదు. కప్పు కూలిన నిమిషంలనే పెద్దమనిషి ఆ పక్క కరెంటు తీసేసింది.

"పంపు కాడ గ్యాస్ ఉన్నది. కరెంటు తీసిన. వెనుకకు రాండ్రి." నర్మద గొంతు లోపలి ఫోన్లన్నిట్ల మోగింది. బాయి మీద దీపాల గది ముంగట స్పీకర్ల గూడ మోగింది.

నర్మద తెర ముందు కూసున్నది. "ఎందుకు?" అని కొట్టింది.

యంత్రం రాసింది: పంపు కాడి సెన్సార్ హద్దు దాటింది. కప్పు కూలిన చోటనే కేబుల్ ఉన్నది. కేబుల్ దెబ్బతిని ఉండొచ్చు. కరెంటు ఇస్తే నిప్పు పుట్టొచ్చు.

తలుపు తోసుకొని మేనేజర్ కరుణాకర్‌రావు వచ్చిండు. చెడ్డ మనిషి కాదు. కార్మికుల పిల్లల పేర్లు గూడ యాదికుంటయి ఆయనకు. అంగీ తడిసి ఒంటికి అతుక్కపోయింది.

"అవుతల ఇద్దరు బతికే ఉన్నరు. పైపు మీద కొడుతున్నరంట, ఇవుతలోళ్లకు ఇనపడుతుంది" అన్నడు. "సెన్సార్ తడిసిందేమో అమ్మా! నీళ్లు పడితే తప్పు చూపెట్టదా?"

"చూపెట్టొచ్చు సార్. అక్బర్ సాబ్‌ను దీపంతోని చూడమంటున్న."

ఫోన్ల అక్బర్ ఒక్క మాటే అన్నడు: "పోతున్న."

ఆయన పోయి చూసి రావాలె. బయట జనం పోగైన చప్పుడు. భూమన్న భార్య కిష్టవ్వ వచ్చిందని ఎవరో అన్నరు. నర్మద కిటికీల నుంచి చూసింది. కొంగు నెత్తి మీద కప్పుకొని, వానల, స్పీకర్ కింద నిలబడి ఉన్నదామె.

ఫోన్ మోగింది.

"డబ్బా అబద్ధం చెప్తలేదు బిడ్డా." అక్బర్‌కు ఊపిరి ఆడుతలేదు. "దీపం జర పైకి లేపిన, నీలి మంట ఇంత పొడుగు సాగింది. జల్ది దించుకున్న. మూడు పర్సెంట్ పైననే ఉంటది. కూలిన సందుల నుంచి వస్తుంది. కేబుల్ మీద రాయి పడి ఉన్నది, దాని కింద ఎట్లున్నదో కనపడుతలేదు."

"పైపు మీద కొడుతున్నరా?"

"కొడుతున్నరు. నీళ్లు నడుముల దాక వచ్చి ఉంటయి వాళ్లకు."

కరుణాకర్‌రావు కుర్చీ జరుపుకొని నర్మద పక్కన కూసున్నడు. గొంతు తగ్గించిండు.

"చూడమ్మా. ఒకటింబావు పర్సెంట్ దాటితే కరెంటు తియ్యాలన్నది కానూన్. కాదంటలేను. కని గ్యాస్ అంటుకునేది ఐదు కాడ. మూడు కాడ అంటుకోదు. పంపు మోటరుకు నిప్పు బయటికి రాని పెట్టె ఉన్నది. జరసేపు నడిస్తే చాలు, ఆ ఇద్దరూ వస్తరు. నీ యంత్రం మనిషి మాట వింటది కదా? అక్బర్ పేరు మీద ఒకటి అని రాయి."

నర్మద ఆయన దిక్కు తిరిగింది.

"అది నమ్ముతది సార్. మనమేం రాస్తే అదే నమ్ముతది. అబద్ధమా అని చూసుకునే తెలివి దానికి లేదు."

"నమ్మాలనే అంటున్న."

"మూడన్నది అక్బర్ సాబ్ మొఖం ఎత్తుల. గ్యాస్ కప్పు దిక్కే చేరుతది, అక్కడ ఎంతున్నదో ఎవరికీ తెల్వది. కేబుల్ చినిగి ఉంటే? పంపు ఇవుతల అక్బర్ సాబ్‌తోని ఇంకా పదిమంది దాక ఉన్నరు."

"తప్పయితే పదిమంది. తప్పు కాకుంటే ఇద్దరు బతుకుతరు. ఊకెనే కూసుంటే ఆ ఇద్దరు ఖాయంగ పోతరు. నేను మేనేజర్‌ను, చెప్తున్న. నా మీద వేసుకుంట. రాయి!"

ఆయన చెప్పేదాంట్ల తప్పు నర్మదకు కనపడలే. అదే ఆమెను భయపెట్టింది. వేళ్లు మీటల మీద పెట్టింది. తెర మీద యంత్రం అడుగుతున్నది: ఎంత ఉన్నది? ఎవరు చూసిండ్రు?

ఒక్క అంకె. ఒక్క పేరు.

ఆమె "అక్బర్" అని కొట్టింది. అంకె కాడ వేలు ఆగింది. అక్కడ ఆయన పేరు కనపడంగనే చెయ్యి తీసి ఫోన్ అందుకున్నది.

"ఏం చేస్తున్నవ్?" అన్నడు కరుణాకర్‌రావు.

"ఆయన పేరు మీద రాస్తున్న సార్. ఆయనకు చెప్పి రాస్త."

మేనేజర్ ఆమెను ఆపలే.

"అక్బర్ సాబ్, ఒక్కటే ఉన్నదని మీ పేరు మీద రాయమంటున్నరు. రాస్తే పంపుకు కరెంటు వస్తది. మీరు ఏమంటరు?"

ఫోన్ల దూరంగ పైపు మీద రాయితోని కొడుతున్న చప్పుడు ఒక్కటే సన్నగ వినపడుతున్నది. వాళ్లు కొట్టేది ఆమెకు గూడ ఇనపడ్డది.

"సిద్దిరాములు నాతోని బాయి దిగినోడు. నా నికాల ఇంటోని లెక్క అన్ని పనులు చూసుకున్నడు" అన్నడు అక్బర్ ఆఖరికి. ఏడుస్తున్నడో ఏమో తెలుస్తలేదు. "నా పేరు రాయకు బిడ్డా. నేను చూడంది చూసిననని చెప్పకు. పరదాలు కడుతున్నం. గాలిని పంపు మీదికి మళ్లిస్తే గ్యాస్ కొట్టుకపోతది. దేవదాస్ ఇంకో కేబుల్ పరుస్తున్నడు. జర ఆగు."

"ఎంతసేపు?"

"మాకు చాతనైనంత జల్ది."

దేవదాస్ ఆ షిఫ్టు ఎలక్ట్రీషియన్. లోపల ఏం జరుగుతున్నదో నర్మదకు కనపడదు. ముతక గుడ్డ పరదాలను కర్రలకు మేకులు కొట్టి బిగించి, గాలికి దారి మలిపే పని. చీకట్ల, నీళ్లల్ల, నెత్తి మీద పగిలిన కప్పు కింద.

నర్మద తెర మీది అక్బర్ పేరు తుడిపేసింది. యంత్రం వెంటనే తన పని తాను చేసింది. స్పీకర్ల ఆమె గొంతు మళ్ల మోగింది: "గ్యాస్ ఉన్నది. పంపుకు కరెంటు ఇయ్యను."

బయట కిష్టవ్వ కేక పెట్టింది. "ఎవరది ఇయ్యనంటున్నది? ఎవరా ఆడిది? దాని ఇంట్లోళ్లు ఉన్నరా లోపల?"

నర్మద చెవులు మూసుకోలే. కరుణాకర్‌రావు లేచి, కిటికీ దగ్గరికి పోయి, మళ్ల వచ్చి కూసుని, రెండు చేతులల్ల మొఖం పెట్టుకున్నడు.

సెన్సార్ అంకె కదులుతలేదు. తర్వాత కొంచెం పెరిగింది. తర్వాత పడటం మొదలైంది, మెల్లగ, మొండిగ. నర్మద దాన్నే చూసుకుంట కూసున్నది.

ఫోన్ల అక్బర్. "పైపు చప్పుడు ఆగింది."

"ఆగిందా?"

"ఆగింది. పరదా అయింది. మళ్ల చూసి వస్త."

ఈసారి ఆయన ఉరికినట్లున్నడు. "ఒక్క పర్సెంట్ కన్న కిందికి వచ్చింది! కప్పు దాక దీపం లేపి చూసిన. పాత కేబుల్ విప్పేసినం, దేవదాస్ కొత్తది వేసిండు. రాయి!"

నర్మద రాసింది. యంత్రం అడిగింది: ఎవరు చూసిండ్రు? ఆమె అక్బర్ అని కొట్టింది. కేబుల్ సంగతేంది? అని యంత్రం మళ్ల అడిగింది. పాతది విప్పేసిండ్రు, దేవదాస్ కొత్తది వేసిండు, అని ఆమె కొట్టింది. తెర ఒక ఊపిరి తీసేంత సేపు ఖాళీగ ఉన్నది.

"కరెంటు ఇస్తున్న. పంపు దగ్గరున్నోళ్లు పక్కకు జరుగండ్రి" అన్నది స్పీకర్ల ఆమె గొంతు.

పంపు తిరిగింది. నీళ్లు ఛాతి దాక దిగంగనే అక్బరూ దేవదాసూ పల్లంల దిగి పోయిండ్రు. సిద్దిరాములు గోడకు వీపు ఆనించి, పైపును కౌగిలించుకొని నిలబడి ఉన్నడు, సోయి సగమే ఉన్నది. భూమన్న ఆయన కాళ్ల దగ్గర నీళ్లల్ల ఉన్నడు.

దవాఖానల సిద్దిరాములు చెప్పిండు. కప్పు పడ్డప్పుడే భూమన్న పక్కటెముకలకు రాయి తగిలింది. నిలబడ చాతకాలే. సిద్దిరాములు ఆయనను భుజం మీద వేసుకొని ఒక చేత్తోని పైపు మీద కొట్టిండు. నీళ్లు మెడ దాక వచ్చినంక చేతులు గడ్డకట్టినట్లయినయి. "జారిపోయిండు. పట్టుకున్ననే అనుకున్న" అన్నడు. అంతకు మించి ఆయన ఏనాడూ చెప్పలే. బాయి గూడ దిగలే.

విచారణకు వచ్చిన ఇన్‌స్పెక్టర్లు రాళ్లు తీసి పాత కేబుల్ చూసిండ్రు. ఒకచోట పైతోలు చినిగి రాగి తీగ బయటపడ్డది. కరెంటు ఇచ్చి ఉంటే నిప్పు పుట్టేదా అని అడిగితే, పుట్టొచ్చు, పుట్టకపోవచ్చు అన్నరు. కరుణాకర్‌రావు తను ఏం రాయమన్నడో తనే విచారణల చెప్పిండు. నర్మద చెప్పేదాక ఆగలే.

"మనిషి మాట వినే ఆ సూత్రం తీసెయ్యి" అన్నడు తర్వాత నర్మదతోని. "నా అసొంటోడు ఇంకొకడు వస్తే?"

నర్మద అక్బర్‌ను అడిగింది. ఆయన దీపం అద్దం తుడుస్తున్నడు.

"డబ్బా చెడిపోయిన నాడు బాయిలున్నోని మాట ఎవరు వినాలె? ఉండనియ్యి. అబద్ధం ఆడకుండా ఉండుడు మన పని, దానిది కాదు."

ఆమె సూత్రాన్ని ఉంచింది.

కర్మకాండ అయినంక కిష్టవ్వ ఆఫీసుకు వచ్చింది. నర్మద లేచి కుర్చీ వేసింది. కిష్టవ్వ కూసోలే. యంత్రం దిక్కు చూసుకుంట నిలబడ్డది.

"ఆ గొంతు నీదేనంట."

"నాదే అవ్వా."

"దానికి అబద్ధం చెప్తే కరెంటు ఇస్తుండెనంట. నిజమేనా?"

నర్మద తల దించుకోలే. "నిజమే. నేను చెప్పలే."

"చెప్తే మా ఆయన బతుకుతుండెనా?"

"బతుకుతుండెనేమో. లేకుంటే అందరూ పోతుండిరేమో. నాకు తెల్వది. ఎన్నటికీ తెల్వది."

కిష్టవ్వ కండ్లు నీళ్లతోని నిండినయి గని కిందికి కారలే. "తెల్సని చెప్పుంటే నీ మొఖం మీద ఉమ్మి పోదునే" అన్నది.

భూమన్న కొలువు కిష్టవ్వకు ఇచ్చిండ్రు, దీపాల గదిల. షిఫ్టు దిగేటోళ్లకు దీపాలు అందిచ్చే పని. ఆమె నెత్తి మీదనే ఆ స్పీకర్ ఉంటది. గొంతు మారుస్తనని, ఇంకెవరితోనన్న రికార్డు చేయిస్తనని నర్మద పోయి చెప్పింది.

కిష్టవ్వ ఒక దీపం ఎత్తి వెలుగు సరిచూసి, కిటికీల నిలబడ్డోని చేతికి ఇచ్చింది. ఆ తర్వాత నర్మద దిక్కు తిరిగింది.

"ఒద్దు. నువ్వు ఇయ్యనన్నప్పుడు విన్న. ఇచ్చినప్పుడు గూడ విన్న. వేరే గొంతయితే మళ్ల కొత్తగ అలవాటు చేసుకోవాలె" అన్నది. ఇంకో దీపం ఎత్తుకున్నది. "పక్కకు జరుగు బిడ్డా, షిఫ్టోళ్లకు అడ్డం నిలబడ్డవ్."