కారం చేతులు

మిరపకోతల రోజుల్లో సంతోషకుమారి చేలోంచి వస్తే, ఏడేళ్ల కూతురు షారోన్ కల్లం గట్టు మీంచే అరుస్తుంది: "చేతులు కడుక్కో, కారం!" కొబ్బరినూనె రాసి, సబ్బుతో కడిగి, చేతులు చూపిస్తేగానీ దగ్గరికి రాదు.

ఆ మధ్యాహ్నం అరుపు లేదు. షారోన్ చేలోకే పరుగెత్తుకొచ్చి, మిరపచెట్ల వరసలో నిలబడింది.

"అమ్మా, కారం లేని చేతుల్ని కూడా వద్దనొచ్చా?"

సంతోషకుమారి చేతిలో కాయలు జారిపోయాయి. "అనొచ్చమ్మా. ఎవరిని అన్నావు?"

"కోటేష్ మావయ్యని. ఒళ్ళో కూర్చోమన్నాడు. 'నా చేతులు శుభ్రమే కదా, గౌను సర్దుతా' అన్నాడు. వద్దని పారిపోయొచ్చా. అమ్మకి చెప్పొద్దన్నాడు."

కోటేష్ కల్లం కాపలాదారు. కూలీల ముఠా మేస్త్రి సుబ్బరావమ్మకి సొంత తమ్ముడు. మనోడేగా అని తల్లులందరూ పిల్లల్ని అతనికే వదిలి చేలోకి వెళ్తారు. మిరపకాయ దగ్గర జాగ్రత్త నేర్పాం, మనిషి దగ్గర నేర్పలేదు అనుకుంది సంతోషకుమారి. ఇప్పుడు నోరు విప్పితే రేపు కూలికి పిలుస్తారా? విప్పకపోతే షారోన్ ఇంకెప్పుడైనా ఏదైనా చెబుతుందా?

"నువ్వు మంచి పని చేశావు. తప్పు నీది కాదు," అని కూతురికి చెప్పి, సుబ్బరావమ్మ దగ్గరికి నడిచింది. అందరి ముందే చెప్పింది.

కోతలు ఆగిపోయాయి. సుబ్బరావమ్మ మొహం వాడింది. కల్లానికి నడిచింది. ముఠా మొత్తం వెనకే.

కోటేష్ నవ్వాడు. "ముద్దు చేశానక్కా, అంతే!"

"ముద్దయితే అమ్మకి చెప్పొద్దని ఎందుకన్నావురా?" అంది సుబ్బరావమ్మ.

అతని నవ్వు ఆగింది.

"ఏం జరిగిందో పిల్లనే మళ్లీ అడుగుదామక్కా," అంది ముఠాలోని నజీరా.

"వద్దు. ఒక్కసారి చెప్పింది, చాలు. పదే పదే అడిగితే బెదిరిపోద్ది," అని సుబ్బరావమ్మ ఫోన్ తీసి పిల్లల హెల్ప్‌లైన్ 1098 నొక్కింది. తమ్ముడు కదలబోతే ఆడవాళ్లు కల్లం చుట్టూ నిలబడ్డారు. పోలీసులు వచ్చి అతన్ని తీసుకెళ్లే దాకా ఎవరూ కూర్చోలేదు.

సంతోషకుమారి తలెత్తలేకపోయింది. "అక్కా, నీ తమ్ముడు..."

"నువ్వు చెప్పకపోతే నేను బతికుండగా నా కల్లంలో ఏం జరిగేదో! రేపు పొద్దున్నే రా. పిల్లల దగ్గర ఇద్దరు ఆడవాళ్లు ఉంటారు, వంతులేసుకుందాం."

సాయంత్రం సంతోషకుమారి నూనె రాసి, సబ్బుతో కడిగి, రెండు చేతులూ చాపింది.

"ముట్టుకోనా?"

షారోన్ మేస్త్రిలాగా ఒక్కో వేలూ పరీక్షించింది.

"ఊఁ... గోళ్ల కింద కూడా కడుగు. అప్పుడు చూద్దాం."

సంతోషకుమారి పకపకా నవ్వి, మళ్లీ కుళాయి దగ్గరికి వెళ్లింది.